వెనక సీటు కింద తడి

నాకు కోపం ఎక్కువ. నా ఎత్తు గురించో రంగు గురించో చెప్పినంత మామూలుగా మా అమ్మ ఈ సంగతి అందరికీ చెబుతుంది. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసులో, అడ్మిషన్ల బల్ల దగ్గర నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల తల్లిదండ్రులతో వాదించడమే పని కాబట్టి, ఆ కోపానికి జీతం కూడా వస్తోందని అమ్మకి జవాబు చెబుతుంటాను. అయితే ఆ ఎండాకాలం హైవే మీద కారు ఆగిపోయినప్పుడు మాత్రం ముందు భయమే వేసింది. కోపం తర్వాత వచ్చింది, వచ్చి చాలా రోజులు ఉంది.

మా ఇల్లు హనుమాన్ జంక్షన్ దగ్గర. నాన్న పోయాక ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. అమ్మది చేపల వ్యాపారం. కొల్లేటి వైపు నుంచి చేపల బళ్ళు తెల్లారేసరికి జంక్షన్‌కి వస్తాయి. అమ్మ అక్కడ బొచ్చెలో, శీలావతులో, దొరికిన రోజు కొరమీనులో బేరమాడి కొంటుంది. వాటిని విజయవాడ తీసుకెళ్ళి ఒక కాలనీ మలుపులో కూర్చుని అమ్ముతుంది. ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లవాళ్ళు ముందురోజే ఫోన్ చేసి ఏం కావాలో చెప్పుకుంటారు. అమ్మ కోసిచ్చిన ముక్క వేరేవాళ్ళు కోసిస్తే రాదని వాళ్ళ నమ్మకం.

అమ్మడంలో అమ్మకి ఎప్పుడూ కష్టం లేదు. చేపల్ని విజయవాడ చేర్చడమే కష్టం. బస్సులో గంప ఎక్కనివ్వరు. బతిమాలి ఎక్కితే, కాసేపటికి ఎవరో ముక్కు మూసుకుని కండక్టర్ని పిలుస్తారు, ఆయన మధ్యలో దింపేస్తాడు. ఆటోవాళ్ళయితే గంప చూడగానే ముందుకు పోనిస్తారు. నా చిన్నప్పటి నుంచి అమ్మని ఎక్కడెక్కడ దింపేశారో చెప్పుకుంటూ పోతే జంక్షన్ నుంచి రామవరప్పాడు రింగు దాకా స్టాపులన్నీ వస్తాయి. అమ్మ ఆ సంగతులు నవ్వుతూ చెప్పేది. నేను నవ్వేదాన్ని కాదు.

అందుకే ఉద్యోగం కాస్త కుదురుకోగానే వాయిదాల మీద ఒక చిన్న కారు కొన్నాను. నా షోకు కోసం కొనలేదు. ఆ కారులో మా అమ్మని దిగమనేవాడు ఎవడూ ఉండకూడదు, అంతే నాకు కావలసింది.

కారులో చేపలంటే అందరూ నవ్వుతారని నాకు తెలుసు, అందుకే ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చేశాను. మందపాటి థర్మాకోల్ డబ్బాలు, మూతల చుట్టూ వెడల్పాటి టేపు, డబ్బాల కింద టార్పాలిన్. కొన్ని డబ్బాలు డిక్కీలో, ఒకటి వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట. అమ్మ ఆ వెనక సీట్లోనే కూర్చుని ఆ డబ్బా మీద చెయ్యి వేసుకునేది. పొద్దున్నే అమ్మని మలుపులో దింపి నేను కాలేజీకి పోయేదాన్ని. సాయంత్రం ఖాళీ డబ్బాలతో సహా ఎక్కించుకుని ఇంటికి తెచ్చేదాన్ని. నేను స్నానం చేసి వంట మొదలుపెట్టేసరికి అమ్మ వాకిట్లో బండి శుభ్రం చేస్తూ ఉండేది. "వంట సంగతి నువ్వు చూడు, బండి సంగతి నేను చూస్తా" అనేది. కారులో నీచు వాసన లేకపోవడం నా డబ్బాల గొప్పతనమే అనుకుని నాలో నేను మురిసిపోయేదాన్ని. అప్పుడప్పుడు ఆఫీసులోవాళ్ళని కూడా ఎక్కించుకునేదాన్ని.

ఆ రోజు తేలప్రోలు దాటాం. స్టీరింగ్ ముందున్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, ఆక్సిలరేటర్ తొక్కితే బండి అందుకోలేదు. వెనక లారీ హారన్ మోగిస్తూనే ఉంది. ఎలాగో రోడ్డు పక్కకి లాగేసరికి ఇంజను ఆగిపోయింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"ఆగిపోయింది."

"పెట్రోలు చూశావా?"

"నిన్ననే కొట్టించానమ్మా."

తాళం తిప్పితే గురగురమంటోంది, అంతకు మించి ఏమీ లేదు. మళ్ళీ మళ్ళీ తిప్పాను. పక్కనుంచి లారీలు పోతుంటే కారు మొత్తం ఊగుతోంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అమ్మ డబ్బా టేపు కొంచెం ఊడదీసి లోపల చెయ్యి పెట్టి చూసింది. ఐసు ఉందో లేదో చెప్పలేదు. చెప్పలేదంటే నాకు అర్థమైంది. ఆ రోజు ఒక ఇంటికి చుట్టాలొస్తున్నారని పెద్ద కొరమీనులు ప్రత్యేకంగా చెప్పిపెట్టారు.

అమ్మ దిగి రోడ్డు పక్కన నిలబడింది. మొదటి ఆటో ఆగినట్టే ఆగి, డబ్బాలు చూసి వెళ్ళిపోయింది. రెండో అతను కాస్త మర్యాదస్తుడు. "వాసనుంటే తర్వాత గిరాకీ ఎక్కరమ్మా, ఏమనుకోకండి" అన్నాడు. అమ్మ ఏమీ అనుకోలేదు. నేను అనుకున్నాను, పైకి కూడా అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. చివరికి సిమెంటు బస్తాలు దించి ఖాళీగా వస్తున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. డబ్బాలు ఎక్కించాం. అమ్మ చీర కొంగు తల మీదకి లాక్కుని, ఆ సిమెంటు దుమ్ములోనే కూర్చుని, రెండు చేతుల్తో రెండు డబ్బాలు పట్టుకుంది. ఆటో కదులుతుంటే నా వైపు చూసి, నువ్వు కంగారు పడకు అన్నట్టు తలాడించింది. ఎన్నేళ్ళ తర్వాతో అమ్మ మళ్ళీ అలా వెళ్ళడం. నాకు ఏడుపొచ్చింది, కానీ హైవే మీద ఏడిస్తే ఎవరో ఒకరు ఆగి సలహాలు చెబుతారని ఆపుకున్నాను.

టోయింగ్ బండి కారుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చేర్చింది. అక్కడి సర్వీస్ అడ్వైజర్ చేతిలో ట్యాబ్ పట్టుకుని మృదువుగా మాట్లాడే మనిషి. మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. పెట్రోలు పంపుకి కరెంటు తీసుకెళ్ళే వైర్లు వెనక సీటు కింద తుప్పు పట్టి తెగిపోయాయి. పంపు కాలిపోయింది. దాంతోపాటు ఏదో కంట్రోల్ బాక్సు కూడా పోయింది. బండి నేల పొడుగునా వైరింగ్ మొత్తం మార్చాలి. ట్యాబ్ నా వైపు తిప్పి ఎస్టిమేట్ చూపించాడు. కారు కొన్నప్పుడు నేను చేతి నుంచి కట్టినదానికంటే అది ఎక్కువ ఉంది.

"వారంటీ ఉంది కదా" అన్నాను.

"పోయిన నెలలోనే అయిపోయింది మేడమ్."

"పోయిన నెలలో అయిపోతే, ఈ నెలలో తుప్పు పట్టిందా అది?"

అతను ట్యాబ్ మీద వేలు జరిపాడు. "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని ఫోన్ కూడా చేశాం మేడమ్."

చేశారు. క్రెడిట్ కార్డులవాళ్ళ ఫోన్లు, స్థలాలు అమ్మేవాళ్ళ ఫోన్ల మధ్యలో అది కూడా వచ్చింది. అన్నిటికీ చెప్పినట్టే దానికీ వద్దని చెప్పాను. ఆ మాట గుర్తుచేసేసరికి ఒళ్ళు మండిపోయింది. వైర్లు ముందు నుంచే కుళ్ళుతూ వచ్చాయని, కుళ్ళడం మొదలైనప్పుడు వారంటీ ఉందని, మీ తలుపుల రబ్బర్లు బాగోలేక వాన నీళ్ళు లోపలికి దిగి ఉంటాయని గట్టిగా వాదించాను. హాల్లో కాఫీ తాగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చాడు.

ఆ మేనేజరు ఒక దారి చెప్పాడు. వారంటీ అయిపోయి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి గుడ్‌విల్ కింద కంపెనీకి రాయొచ్చు. కంపెనీ ఇంజినీరు వచ్చి బండి విప్పి చూస్తాడు. తయారీలో లోపమని తేలితే చాలావరకు వాళ్ళే భరిస్తారు. బయటి కారణమని తేలితే మొత్తం నాదే. ఈలోగా బయట మెకానిక్కెవరూ చెయ్యి పెట్టకూడదు.

"బండిలో ఏమైనా సరుకు తీసుకెళ్తారా మేడమ్?" అని అడ్వైజర్ అడిగాడు.

"చేపలు తీసుకెళ్తాం" అన్నాను. అతని కనుబొమ్మలు లేచాయి. ఆ కనుబొమ్మలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. "సీలు వేసిన డబ్బాల్లో. కింద టార్పాలిన్ వేసి. ఇన్నాళ్ళలో ఒక్క చుక్క కూడా కారలేదు. అదే మాట రాసుకోండి."

అతను రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. నా వ్యాజ్యం అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది, ఆ మాట మీద నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

తర్వాత రోజులు చాలా కష్టంగా గడిచాయి. ఇంజినీరు ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అంటున్నారు. ఆఫీసులో ఒకాయన, ఆటోనగర్ తీసుకెళ్తే తెగిన వైర్లు అతికించి పంపేస్తారని, ఈ కంపెనీవాళ్ళతో ఎందుకని అన్నాడు. నిజమే కావచ్చు. కానీ చెయ్యి పెట్టిస్తే గుడ్‌విల్ పోతుంది. అతికించిన వైరు మళ్ళీ హైవే మీద తెగితే అమ్మ మళ్ళీ సిమెంటు దుమ్ములో కూర్చోవాలి. ఆగడానికే నిశ్చయించుకున్నాను.

అమ్మ రోజూ నాకంటే ముందు బయలుదేరి వెళ్ళిపోయేది. ట్రాలీ మాట్లాడుకున్నానని చెప్పేది. నేను నమ్మాను. ఒకరోజు పొద్దున నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్తున్నాను. కేసరపల్లి దగ్గర రోడ్డు పక్కన, ఏ నీడా లేని చోట, రెండు డబ్బాల మధ్య ఒకావిడ చతికిలబడి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మా బస్సు ఆమెని దాటిపోయాక గానీ ఆమె మా అమ్మ అని నాకు తట్టలేదు.

లేచి ఆపమని అరిచాను. "ఇక్కడ స్టాపు లేదమ్మా" అన్నాడు కండక్టర్. నా మొహం చూశాక ఆపించాడు. దిగి వెనక్కి పరుగెత్తాను. అమ్మ నన్ను చూసి ముందు కంగారుపడింది, తర్వాత కోప్పడింది.

"నువ్వెందుకు దిగావే? ఆఫీసుకి లేటవుద్ది."

"ట్రాలీ అన్నావుగా."

"వాడివాళ రాలేదు. బస్సెక్కా. ఎవరో చంటిపిల్ల తల్లి, పిల్లకి వాంతి వస్తుందంది. ఆ పిల్లకి నిజంగానే బాగాలేదులే. దిగిపోయా."

"దిగిపోయావా, దించారా?"

అమ్మ డబ్బా టేపు సరిచేస్తూ ఉండిపోయింది. ఆ మధ్యనే ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశారు. అమ్మకి టికెట్ అక్కర్లేదు, అమ్మ చేతిలోని డబ్బాకి చోటు లేదు. ఆ రోడ్డు మీదే నిలబడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో మొత్తం గుర్తులేదు. ఇంజినీరు రెండు రోజుల్లో వస్తున్నాడని అడ్వైజర్ ప్రమాణం చేసినట్టు చెప్పాడు. ఫోన్ పెట్టేసి, ఆ రోజు సెలవు పెట్టి, అమ్మతో పాటు నేనూ ఒక ట్రాలీ వెనక ఎక్కాను.

దారిలో అమ్మ అడిగింది. "ఏం చూడటానికి వస్తాడే ఆయన?"

"నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తాడు. మన చేపల నీళ్ళే అంటున్నారు వాళ్ళు. డబ్బాలు కారాయని తేల్చాలని చూస్తున్నారు."

రామవరప్పాడు రింగు దగ్గరికొచ్చాక, "ఆయన వచ్చిన రోజు నేనూ వస్తా" అంది అమ్మ. "నా డబ్బాల మీద మాటొస్తుంటే నేను లేకపోతే ఎట్టా?"

ఇంజినీరు వచ్చిన రోజు ఇద్దరం వెళ్ళాం. అమ్మ ఉతికిన నేత చీర కట్టుకుంది. వర్క్‌షాపులో మా కారు నాలుగు తలుపులూ తెరుచుకుని నిలబడి ఉంది. ఇంజినీరు నడివయసు మనిషి, కళ్ళజోడు. అమ్మకి ఒక స్టూలు వేయించాడు. అమ్మ కూర్చోలేదు. నేను ఫోన్ తీసి వీడియో పెట్టాను. ఏం బయటపడినా తర్వాత మాట మార్చకుండా సాక్ష్యం ఉండాలని నా ఎత్తు. అడ్వైజర్ ఏదో అనబోయాడు, ఇంజినీరు ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

టెక్నీషియన్ వెనక సీటు ఊడదీశాడు. తర్వాత కార్పెట్ అంచు పట్టుకుని లేపాడు. అది ఊరికే రాలేదు, నేలకి అతుక్కుపోయి చిరచిరమంటూ వచ్చింది. దాని కింద ఇనుము ఎర్రగా పొరలు లేచి ఉంది. వైర్ల కట్ట మీద, గొట్టాల మీద, మూలమూలనా తెల్లగా పేరుకుని ఉంది. టెక్నీషియన్ కొంచెం గోటితో గీరి నలిపి చూశాడు.

"ఉప్పు సార్" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నేను గెలిచాననిపించింది.

"ఇవి కొల్లేటి వైపు చెరువు చేపలు" అన్నాను. "మంచినీళ్ళ చేపలు. ఐసు కూడా మంచినీళ్ళ ఐసే. మేం ఐసులో ఉప్పు వెయ్యం, కావాలంటే జంక్షన్‌లో ఎవరినైనా అడగండి. మా డబ్బాలు కారితే ఇక్కడ నీచు ఉండాలి, చేప పొలుసులు ఉండాలి. ఉన్నాయా? ఒక్క పొలుసు చూపించండి."

ఇంజినీరు వంగి చూశాడు. వాసన కూడా చూశాడు. పొలుసు లేదు. అడ్వైజర్ మేనేజరు వైపు చూశాడు. ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్ చెప్పేదాంట్లో పాయింటుంది" అన్నాడు మెల్లిగా. నా ఒళ్ళంతా తేలికైపోయింది. ఇక అమ్మ రేపో ఎల్లుండో మళ్ళీ కారులో వెళ్తుందని మనసులో అనేసుకున్నాను కూడా.

"సార్, ఇది చూడండి" అన్నాడు టెక్నీషియన్.

కార్పెట్ తిరగేశాడు. దాని వెనక దూదిలా ఉండే మందపాటి పొర అంతా పచ్చగా ఉంది. అక్కడక్కడా మరక పడినట్టు లేదు, పొడుగునా పచ్చ. మళ్ళీ మళ్ళీ నానితే గానీ అంత ముదరదు. వాళ్ళెవరికీ అదేమిటో తెలియలేదు. ఏదో కెమికల్ అన్నాడు అడ్వైజర్. నాకు తెలుసు. చేపలు వండే ఏ ఇంట్లో పుట్టినవాళ్ళకైనా తెలుసు. కోసిన ముక్కల్ని ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది కడిగితే పళ్ళెంలో మిగిలే నీళ్ళ రంగు అది. నీచు పోవడానికి అలా కడుగుతాం. చేతులు అలాగే కడుక్కుంటాం, కత్తిపీట అలాగే కడుగుతాం, గంపలూ అలాగే కడుగుతాం.

ఫోన్ దించాను. అమ్మ వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు.

"నేనేనండి" అంది అమ్మ వెనక నుంచి. ఏ తడబాటూ లేదు ఆ గొంతులో. "రోజూ సాయంత్రం కడుగుతా. ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి, కింద బాగా పోసి, చీపురుతో రుద్దుతా. ఉత్త నీళ్ళకి నీచు పోదండీ."

పక్క బండికి టైర్లు బిగిస్తున్న చప్పుడు వస్తోంది.

"ఎందుకమ్మా?" అన్నాను. "డబ్బాలు కారడం లేదుగా. వాసన లేదుగా."

"మీ ఆఫీసమ్మాయి ఒకరోజు ముందు సీట్లో కూర్చుంది గుర్తుందా? ఏసీ వేసే ఉంది. అయినా అద్దం దించుకుంది. నేను వెనకాల ఉన్నాగా, చూశా. ఆ రోజు నుంచి కడుగుతున్నా." తిరగేసిన కార్పెట్ వైపు చూసి, "పసుపు మంచిదేగా అనుకున్నా" అంది.

ఆ అద్దం సంగతి నాకు తెలియదు. తర్వాత ఆ అమ్మాయిని అడిగితే, తనకి గుర్తే లేదంది. ఎప్పుడు, ఎందుకు దించానో అని నవ్వింది కూడా.

ఇంజినీరు ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు. ఏం రాస్తున్నాడో అడగక్కర్లేదు. బయటి కారణం. నేను వాదించలేదు. ఆయన నాకు సారీ చెప్పి, ఇంకేదో చెప్పబోతుంటే అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"బాబూ, ఒక్క మాట. ఇప్పుడు వాసనుందాండీ దీంట్లో?"

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, విప్పేసి ఉన్న కారులోకి మళ్ళీ తల పెట్టి, గట్టిగా గాలి పీల్చి చూసి, బయటికి వచ్చాడు.

"లేదమ్మా. అసలు లేదు."

అమ్మ తలాడించింది. ఆ తలాడింపులో కొంచెం తృప్తి ఉంది. నేను అక్కడ నిలబడలేకపోయాను. మంచినీళ్ళ క్యాన్ ఉన్న మూలకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చాను. పక్కన ఎవరో గ్లాసు పట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నా కదల్లేదు.

నాకు ఏడుపొచ్చింది ఖర్చు గురించి కాదు. దానికి చీటీ పాడొచ్చని అక్కడ నిలబడే లెక్క వేసుకున్నాను. అమ్మని దిగమనేవాడు లేని బండి అని కొన్నాను నేను. ఆ బండిలో కూడా అమ్మ, ఎప్పుడు దిగమంటారో అన్నట్టే కూర్చుంది. ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం, ఇల్లు చేరాక, నేను లోపల కూర తిరగమోత పెట్టుకుంటుంటే, బయట తన జాడ ఏదీ మిగలకుండా చీపురుతో రుద్దింది. కండక్టరు లేడు, ఆటోవాడు లేడు. ఆ కారులోంచి అమ్మని దింపగలిగే మనిషిని నేనొక్కదాన్నే. అమ్మ భయపడింది నాకు.

ఇంటికెళ్ళేదారిలో అమ్మ తన నిర్ణయం చెప్పేసింది. బండి బాగయ్యాక నేను ఆఫీసుకి వాడుకోవాలి. తను ట్రాలీ నెలకి మాట్లాడుకుంటుంది. "నీ మంచి బండిని నేనే చెడగొట్టాను. ఇంక దాంట్లో ఎక్కను" అంది. నేను ఎన్ని విధాల చెప్పినా వినలేదు. అరిచాను కూడా. ఉద్యోగంలో పనికొచ్చే అరుపులు ఇంట్లో అమ్మ ముందు ఎప్పుడూ పనికిరావు. కారు బాగుచేయించినన్నాళ్ళూ ఇద్దరం ఇంట్లో అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. అమ్మ పొద్దున్నే వెళ్ళేది, ఏ స్టాపులో దిగుతోందో అడిగితే చెప్పేది కాదు.

కారు వచ్చింది. లోపల కొత్త కార్పెట్, కొత్త బండి వాసన. మర్నాడు పొద్దున జంక్షన్‌లో అమ్మ చేపలు కొంటుండగానే కారు తెచ్చి పక్కన పెట్టాను. ఆవిడ ట్రాలీ అతనితో మాట్లాడే లోపల డబ్బాలన్నీ డిక్కీలో సర్దేశాను. ట్రాలీ అతనికి సర్దిచెప్పి పంపేశాను. అమ్మ పళ్ళు కొరుక్కుంటూ రోడ్డు మీద నిలబడింది. నేను తలుపు తీసి పట్టుకున్నాను. చుట్టూ చేపలవాళ్ళంతా చూస్తున్నారు.

"దించెయ్ వాటిని."

"దించను."

"నీ మొండితనం ఎవరి పోలికో" అంది. ఐసు కరుగుతోంది కాబట్టి ఎక్కింది. విజయవాడ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మలుపులో దిగేటప్పుడు తను కూర్చున్నచోటు కొంగుతో తుడిచింది. నేను చూశాను. అది నాకు చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రం ఇంటికి వచ్చాం. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. కుళాయి చప్పుడు వినబడితే బయటికి వచ్చాను. అమ్మ నిండు బకెట్టు పట్టుకుని, తెరిచిన వెనక తలుపు ముందు నిలబడి ఉంది. పొయ్యడం లేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడి ఉంది, అంతే. అంతవరకు అమ్మని అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఉత్త నీళ్ళే" అంది నన్ను చూసి. "ఉప్పు వెయ్యలా."

"వద్దమ్మా."

"కడక్కపోతే కంపు కొడుద్దే."

"కొట్టనీ."

"నెల తిరిగేసరికి ఎవరూ ఎక్కలేరు దీంట్లో."

"ఎక్కకపోతే మానేస్తారు."

అమ్మ బకెట్టు దించలేదు. కారులోకి ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"నువ్వో?" అంది. "నువ్వెక్కుతావా?"

"ఎక్కుతా."

"రోజూనా?"

"రోజూ."

అమ్మ చాలాసేపు నా మొహంలోకే చూసింది. బేరంలో ఎదుటివాడి ఆఖరి మాట నమ్మాలో లేదో తేల్చుకునేటప్పుడు అలాగే చూస్తుంది. తర్వాత బకెట్టులో నీళ్ళు కరివేపాకు మొక్క మొదట్లో పోసేసి, కారు తలుపు వేసి, అన్నం చూడమంటూ లోపలికి వెళ్ళింది.